పాత రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్ రైఫిల్లో పిన్నులు అరిగి బ్లాక్ లూజైతే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి

అమెరికాలో గన్ షోలోనో ఎస్టేట్ సేల్లోనో పాత సింగిల్ షాట్ రైఫిల్ కొనుక్కున్న మనవాళ్ళు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు, అందులో ఎక్కువమంది చేతికి వచ్చేది రెమింగ్టన్ రోలింగ్ బ్లాకే, ఎందుకంటే న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ ఫ్యాక్టరీలో ఇవి లక్షల్లో తయారయ్యాయి, డెన్మార్క్, స్వీడన్, స్పెయిన్, ఈజిప్ట్ సైన్యాలన్నీ వాడాయి. ఇంటికి తెచ్చి చూస్తే బొటనవేలితో కదిపినప్పుడు బ్లాక్ (తూటా వెనక మూసే లోహపు దిమ్మ) ముందుకీ వెనక్కీ టకటకమంటుంది. వెంటనే అడిగే ప్రశ్న, దీన్ని బాగుచేసుకోవచ్చా అని. చాలావరకు చేసుకోవచ్చండి, కానీ ఒక వరస ఉంది. ముందు కొలవాలి, తర్వాత చవకైన భాగం మార్చాలి, రిసీవర్ (బ్యారెల్ వెనక ఈ భాగాలన్నీ కూర్చునే ఇనుప ఒళ్ళు) మీద చెయ్యి పెట్టేది అన్నిటికంటే చివర. పిన్ను పాడైతే ఇంకో పిన్ను చేసుకోవచ్చు, 1870ల నాటి రిసీవర్ పాడైతే ఇంకోటి రాదు.

ముందుగా చట్టం మాట. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం 1898లోగా తయారైనదే యాంటిక్, అది కూడా రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి కాబట్టి మీ రాష్ట్రం రూల్ చూసుకోండి, తయారైన సంవత్సరం తేలకపోతే మామూలు ఫైర్‌ఆర్మ్ కిందే లెక్కేసుకోండి. ఇండియాలో ఉన్నవాళ్ళకి మాత్రం గట్టిగా చెప్తున్నా, తాతగారి కాలం తుపాకీ అటక మీద ఉంది కదా అని ఈ పోస్ట్ చూసి విప్పొద్దు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ రిపేర్ చేయడానికి కూడా లైసెన్స్ ఉండాలి. పాతకాలం ఆయుధాలకి 45వ సెక్షన్లో మినహాయింపు ఉంది నిజమే, కానీ అది రిపేర్ చేసినా పేలదు అన్న వాటికే, రిపేర్ చేస్తే పేలేదానికి కాదు. అంటే బాగుచేస్తే పేలే తుపాకీకి ఆ మినహాయింపు మొదటినుంచీ వర్తించదు. అక్కడ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే వెళ్ళండి.

ఇప్పుడు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం, ఇది అర్థం కాకపోతే ఏది ఎందుకు అరిగిందో అర్థం కాదు. రిసీవర్లో అడ్డంగా రెండు లావుపాటి పిన్నులు ఉంటాయి. ముందు పిన్ను మీద బ్రీచ్ బ్లాక్ తిరుగుతుంది, వెనక పిన్ను మీద హ్యామర్ (సుత్తిలా పడి కొట్టే భాగం) తిరుగుతుంది. హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగి, బ్లాక్‌ని బొటనవేలితో వెనక్కి దొర్లించి, తూటా పెట్టి, బ్లాక్ మూసేస్తారు. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ పడుతూ పడుతూ దాని గుండ్రటి ఒళ్ళు బ్లాక్ వెనక కిందికి దూరి దానికి ఆసరాగా నిలుస్తుంది, ఆ తర్వాతే తూటా అడుగున కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్నుకి దెబ్బ తగులుతుంది. అంటే తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే బలం మొత్తం బ్లాక్ మీదకి, అక్కడినుంచి ఒక భాగం బ్లాక్ పిన్నుకి, ఇంకో భాగం హ్యామర్ ఒంటి ద్వారా హ్యామర్ పిన్నుకి వెళ్తుంది. ఇంత సింపుల్ మెకానిజం, ఇంత గట్టి మెకానిజం ఆ కాలంలో ఇంకోటి ఉందా అంటే నాకైతే అనుమానమే. 1874లో న్యూయార్క్ దగ్గరి రైఫిల్ పోటీల మైదానం క్రీడ్‌మూర్‌లో ఐరిష్ టీమ్ మీద అమెరికన్లు 934 - 931 స్కోరుతో గెలిచినప్పుడు వాళ్ళ చేతుల్లో ఉన్న రైఫిళ్ళలో రెమింగ్టన్ రోలింగ్ బ్లాకులు ఉన్నాయి, వాటి మెకానిజం కూడా ఇదే.

రైఫిల్ ఖాళీగా ఉందని కళ్ళతో చూసి, వేలు పెట్టి కూడా చూసుకున్నాక లూజు ఎక్కడుందో చూడండి. చాలామంది హ్యామర్ వెనక్కి లాగి ఉన్నప్పుడు బ్లాక్ కదిపి భయపడిపోతారు, అప్పుడు బ్లాక్‌ని మూసి పట్టుకునేది ఒక చిన్న లివర్, దాని స్ప్రింగ్ మాత్రమే, కాబట్టి కాస్త కదలడం సహజం. అసలు చూడాల్సింది హ్యామర్ కిందికి దిగి ఉన్నప్పుడు. ఫైరింగ్ పిన్ను తీసేసి, హ్యామర్ మెల్లగా దించి, అప్పుడు బ్లాక్ ముందుకీ వెనక్కీ ఎంత ఆడుతోందో చూడాలి. ఆ లూజే పేలినప్పుడు కూడా ఉండే లూజు.

అది ఎన్ని థౌ (అంగుళంలో వెయ్యో వంతు) ఉందో తెలుసుకోవడానికి గేజ్ లేకపోయినా పర్లేదు. మంచి కొత్త ఖాళీ కేసు (తూటా ఇత్తడి గొట్టం) ఒకటి తీసుకోండి, ప్రైమర్ (కేసు అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత) లేకుండా, రిమ్ (కేసు అడుగున బయటికి ఉండే అంచు) మందం మైక్రోమీటర్‌తో కొలిచి రాసుకోండి (.45-70 తూటా అయితే 0.070 అంగుళం దగ్గర్లో ఉంటుంది). దాన్ని బ్యారెల్ వెనక తూటా కూర్చునే ఛాంబర్‌లో పెట్టి బ్లాక్ మూయండి. తర్వాత కేసు అడుగున సెల్లో టేప్ ఒక పొర అంటించి అంచులు కత్తిరించి మళ్ళీ మూయండి, ఇంకో పొర, ఇంకో పొర, ఎక్కడైతే హ్యామర్ పూర్తిగా దిగకుండా ఆగిపోతుందో అక్కడ ఆపేయండి, దానికి ముందు వరకు పట్టిన పొరల మొత్తం మందమే ఆ లూజు. మామూలు టేప్ ఒక పొర రెండు థౌ దాకా ఉంటుంది కానీ మీ టేప్ మీరే మైక్రోమీటర్‌లో పెట్టి కొలుచుకోండి. బలంగా మాత్రం మూయొద్దు, టేప్ నలిగిపోయి తప్పు లెక్క వస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన కేసుని బయటికి తోసే ముక్క) తీసేసి చేస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది. రిమ్ ఉన్న నల్లమందు (బ్లాక్ పౌడర్, పాతకాలం తుపాకీ మందు) కాలం తూటాలకి నాలుగైదు థౌ లోపు అయితే నేను అసలు ముట్టుకోను, పది థౌ దాటితే మాత్రం బాగుచేయకుండా కాల్చను. కాల్చిన కేసుల్లో ప్రైమర్ వెనక్కి పొడుచుకొచ్చి ఉంటే అది కూడా ఇదే సంగతి చెప్తుంది.

ఇంకో పని, చాలామంది వదిలేసేది, ఛాంబర్ అసలు ఏ తూటాదో తేల్చుకోవడం. బయట స్టాంపు ఉండదు, అమ్మినవాడు .45-70 అంటాడు, లోపల చూస్తే .43 స్పానిష్ అవుతుంది, స్వీడన్ వాటిల్లో అయితే మొదట్లో అడుగు అంచు మీద కొడితే పేలే 12.17 ఎంఎం రిమ్‌ఫైర్‌గా పుట్టి తర్వాత మార్పులు పొందినవి ఉంటాయి. సెర్రోసేఫ్ అనే తక్కువ వేడికే కరిగే లోహంతో ఛాంబర్ అచ్చు తీసుకోండి, అది గడ్డకట్టి ముందు కాస్త కుంచించుకుపోయి తర్వాత వ్యాకోచిస్తుంది, పోసిన గంటకి ఛాంబర్ అసలు సైజుకి వస్తుంది కాబట్టి అప్పుడు కొలవండి. అందులో సీసం, కాడ్మియం ఉంటాయి, గాలి ఆడే చోట చేయండి, చేతులు కడుక్కోండి. ఛాంబరే వేరైతే పిన్నులు ఎన్ని మార్చినా లాభం లేదు. 7 ఎంఎం మౌజర్ రోలింగ్ బ్లాకులు ఉన్నవాళ్ళు దీని మీద ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ తూటాకి రిమ్ ఆధారం కాదు, భుజం (కేసు పైన సన్నబడే చోటు) ఆధారం, ఆ రైఫిళ్ళ ఛాంబర్లు ఇప్పటి తూటాతో సరిపోకపోవడం అందరికీ తెలిసిన సమస్య, దానికి పైన చెప్పిన టేప్ లెక్క సరిపోదు, అనుభవం ఉన్న గన్‌స్మిత్‌కి చూపించాల్సిందే.

విప్పడం దగ్గరికి వద్దాం. ముందు స్క్రూలకి కచ్చితంగా సరిపోయే హాలో గ్రౌండ్ స్క్రూ డ్రైవర్ కావాలి, అంటే మొన రెండు వైపులా సమాంతరంగా ఉండి గాడిలో నిండుగా కూర్చునేది. మామూలు డ్రైవర్ మొన ఏటవాలుగా ఉంటుంది, జారి గాడి చీలుస్తుంది, ఆ గాడి చీలిందంటే రైఫిల్ ధర అక్కడే పడిపోతుంది. తుప్పు పట్టిన స్క్రూకి క్రోయిల్ లాంటి నూనె రాత్రంతా నాననివ్వండి, మళ్ళీ పోయండి, మళ్ళీ నాననివ్వండి, తొందర అక్కర్లేదు. వెనక కట్టె తీసేశాక ఎడమవైపు రిసీవర్ మీద ఒక చిన్న బటన్ లాంటి ప్లేటు, దానికి ఒక స్క్రూ కనిపిస్తాయి, రెండు పిన్నుల తలల్నీ పట్టి ఉంచేది ఆ బటనే. స్క్రూ తీసి బటన్ తీసి, హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగి, బ్లాక్ పిన్నుని కుడి నుంచి ఎడమకి ఇత్తడి పంచ్‌తో తోయండి. ఎడమ నుంచి కుడికి కొడితే రాదు, తలలు ఎడమవైపు ఉంటాయి. బ్లాక్ బయటికి వచ్చాక హ్యామర్‌ని బొటనవేలితో గట్టిగా పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా ముందుకి వదలండి, చెయ్యి జారిందంటే దెబ్బ గట్టిగా ఉంటుంది. మెయిన్ స్ప్రింగ్ బిగువు చాలావరకు పోయాక హ్యామర్ పిన్ను కూడా అలాగే తోసేయండి. పిన్ను బిగుసుకుని ఉంటే కొట్టడం ఆపి, కింద ట్రిగ్గర్ గార్డ్ స్క్రూలు కొద్దిగా లూజ్ చేసి స్ప్రింగ్ బలం తగ్గించండి. విప్పేటప్పుడు ఫోన్‌తో ప్రతి స్టేజీ ఫోటో తీసుకోండి, తర్వాత లివర్ ఏ వైపు ఉండేది అని జుట్టు పీక్కోనక్కర్లేదు.

ఇప్పుడు అరుగుదల ఎక్కడుందో చూడాలి, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. బ్లాక్ వెనక్కి తన్నినప్పుడు బ్లాక్‌లోని రంధ్రం ముందు గోడ పిన్ను ముందు వైపు ఒత్తుతుంది. పిన్ను వెనక్కి జరిగి దాని రెండు చివర్లూ రిసీవర్ రంధ్రాల వెనక గోడల్ని ఒత్తుతాయి. అంటే పిన్ను మధ్యలో ముందు వైపు అరుగుతుంది, చివర్లలో వెనక వైపు అరుగుతుంది, బ్లాక్ రంధ్రం ముందుకి సాగుతుంది, రిసీవర్ రంధ్రం వెనక్కి సాగుతుంది. తలుపు మడతబందు అరిగినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ అరుగుదల అంతా ఒకే దిక్కున ఉంటుంది. గోటితో పిన్ను పొడవునా గీస్తే మెట్టు తగులుతుంది. మైక్రోమీటర్‌తో అరగని చోట ఒక కొలత, అరిగిన చోట ఒక కొలత తీసుకోండి. రంధ్రాలకి పిన్ గేజులు, ఒక్కో థౌ తేడాతో సెట్‌గా దొరుకుతాయి, అవి వాడండి, లేదంటే చిన్న రంధ్రాల గేజ్‌తో ముందు-వెనక ఒకసారి, పైకి-కిందికి ఒకసారి కొలవండి. రెండు కొలతలూ ఒకటే అయితే రంధ్రం గుండ్రంగానే ఉంది, తేడా ఉంటే కోడిగుడ్డు అయిపోయింది. హ్యామర్ పిన్నుకీ ఇదే పని, అది చాలామంది మర్చిపోతారు, బ్లాక్‌కి ఆసరా ఇచ్చేది హ్యామరే కాబట్టి అక్కడి లూజు కూడా మొత్తంలో కలుస్తుంది.

ఉదాహరణకి మొత్తం లూజు పది థౌ వచ్చింది అనుకుందాం. అందులో పిన్ను అరుగుదల మూడు, బ్లాక్ రంధ్రం మూడు, రిసీవర్ రంధ్రం రెండు, మిగతా రెండు బ్లాక్ ముఖం లేదా హ్యామర్ తాకే చోటు. పాత సైజు పిన్ను కొత్తది వేస్తే మీకు తిరిగొచ్చేది ఆ మూడు మాత్రమే, అంటే పది కాస్తా ఏడు అవుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసుకోకుండా పిన్ను ఆర్డర్ చేసి అది సరిపోలేదని తిట్టుకునేవాళ్ళని చాలామందిని చూశా.

పిన్ను చేయడం లేత్ తెలిసినవాళ్ళకి తేలిక. రెండు రకాల స్టీలు బాగుంటాయి. 4140 ప్రీ-హార్డ్ అయితే గట్టిదనం 28 నుంచి 32 రాక్‌వెల్ సీ ఉంటుంది, లేత్ మీద తిరుగుతుంది, హీట్ ట్రీట్మెంట్ అక్కర్లేదు, మొదటిసారి చేసేవాళ్ళకి ఇదే చెప్తాను. ఓ-1 డ్రిల్ రాడ్ అయితే గ్రైండ్ చేసి కచ్చితమైన సైజులో వస్తుంది కాబట్టి సౌకర్యం, కానీ దాన్ని 1475 నుంచి 1500 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తీసుకెళ్ళి నూనెలో ముంచి తర్వాత తప్పకుండా టెంపర్ (మళ్ళీ తక్కువ వేడి ఇచ్చి పెళుసుదనం తగ్గించడం) చేయాలి, టెంపర్ చేయని పిన్ను గాజులా పెళుసుగా ఉంటుంది, ఇక్కడ పెళుసు పిన్ను కంటే మెత్తటి పిన్నే నయం, మెత్తది వంగి మీకు తెలియజేస్తుంది, పెళుసుది ఒక్కసారిగా విరుగుతుంది. హార్డ్‌వేర్ షాప్ బోల్టు కోసి పిన్నుగా పెట్టడం అస్సలు వద్దు. తల ఆకారం, బటన్ కూర్చునే గాడి పాత పిన్నుని చూసి అచ్చంగా చేయాలి, లేకపోతే బటన్ సరిగ్గా పట్టదు, బటన్ పట్టకపోతే పిన్ను మెల్లగా పక్కకి జరుగుతుంది. ఫిట్ ఎలా ఉండాలంటే నూనె రాసి వేలితో తోస్తే వెళ్ళాలి, ఊపితే టిక్‌మని కదలకూడదు, ఒక థౌ తేడా అంటే ఆ ఫిట్టే.

రంధ్రాలు గుండ్రంగా ఉండి కాస్త పెద్దవైతే ఇంకా సులువు, ఆ సైజుకి పిన్ను చేసేయండి, రీమర్ (రంధ్రాన్ని పెద్దది చేసి నునుపు చేసే పనిముట్టు) అవసరమే లేదు. కోడిగుడ్డు అయితేనే అసలు పని. ఇక్కడ జరిగే తప్పు ఏంటంటే డ్రిల్ ప్రెస్‌లో రిసీవర్ పెట్టి పెద్ద రీమర్ దించేస్తారు. రీమర్ ఉన్న రంధ్రాన్నే అనుసరిస్తుంది, అంటే కోడిగుడ్డు మధ్యకి వెళ్ళిపోతుంది. రిసీవర్ రంధ్రం నాలుగు థౌ వెనక్కి సాగి ఉంటే రీమర్ వేసిన కొత్త రంధ్రం సెంటర్ రెండు థౌ వెనక్కి పోయింది, అంటే బ్లాక్ రెండు థౌ బ్యారెల్‌కి దూరమైంది. బ్లాక్‌లో రంధ్రం ముందుకి సాగింది కదా, అక్కడ సెంటర్ ముందుకి జరిగితే బ్లాక్ పిన్నుకంటే మళ్ళీ వెనక్కే కూర్చుంటుంది. రెండు తప్పులూ ఒకే దిక్కున కలుస్తాయి, మీరు లూజు తీసేశాననుకుంటారు, కదిపితే గట్టిగానే ఉంటుంది, కానీ తూటా వెనక ఖాళీ అలాగే ఉంటుంది.

సరైన పద్ధతి ఏంటంటే మిల్లింగ్ మెషిన్ మీద రిసీవర్ పక్క సమతలంగా బిగించి, డయల్ ఇండికేటర్‌తో అరగని గోడల్ని, అంటే ముందు గోడ, పై గోడ, కింది గోడల్ని పట్టుకుని అసలు సెంటర్ కనుక్కోవాలి. తర్వాత చిన్న కార్బైడ్ బోరింగ్ బార్‌తో ఆ సెంటర్ మీదే బోర్ చేయాలి. బోరింగ్ బార్ మీరు చెప్పిన చోటే కోస్తుంది, రంధ్రాన్ని అనుసరించదు. గుండ్రం అయ్యాక చివరి సైజుకి రీమర్ లేదా హోన్ (లోపల రాయితో నున్నగా చేసే పనిముట్టు). అసలు సెంటర్ మీద బోర్ చేస్తే నాలుగు థౌ అరుగుదల పోవాలంటే వ్యాసం ఎనిమిది థౌ పెరుగుతుంది, అది గుర్తుపెట్టుకుని పిన్ను సైజు నిర్ణయించండి. ఒకే సెటప్‌లో రెండు గోడల్లోకీ దూసుకెళ్ళాలి, ఒకవైపు చేసి తిప్పి ఇంకోవైపు చేస్తే రంధ్రాలు ఒకే లైన్లో ఉండవు. చెయ్యి తిరిగిన గన్‌స్మిత్‌లు ఇక్కడే రిసీవర్ సెంటర్‌ని ఒకటి రెండు థౌ కావాలనే ముందుకి జరిపి మిగిలిన లూజు కూడా తీసేస్తారు, మంచి ఉపాయమే, కానీ అలా జరిపితే హ్యామర్ గుండ్రటి ఒళ్ళు బ్లాక్‌ని తాకే చోటు మారుతుంది, ప్రష్యన్ బ్లూ (తాకిన చోట అంటుకునే నీలం రంగు) రాసి తాకుడు చూసుకోకుండా ఆ పని చేయొద్దు. హ్యామర్ దిగినప్పుడు బ్లాక్‌కి వెడల్పుగా నీలం అంటాలి, ఒక అంచు మీద గీతలా అంటిందంటే ఆసరా సరిగ్గా లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం, వీటి రిసీవర్, బ్లాక్, హ్యామర్ పైపొర కేస్ హార్డెన్ చేసి ఉంటుంది, లోపల మెత్తటి ఇనుము, పైన పలచటి గట్టి పొర. ఆకురాయి పెట్టి చూడండి, జారిపోతే ఆ పొర ఇంకా ఉన్నట్టు. మామూలు హై స్పీడ్ స్టీల్ రీమర్ ఆ పొర మీద రెండు తిప్పులకే మొద్దుబారుతుంది, కార్బైడ్ తప్పనిసరి. ఇదే కారణంగా రిసీవర్ మీద వెల్డింగ్ వద్దు. వెల్డ్ వేడికి ఆ పొర గట్టిదనం పోతుంది, రిసీవర్ మెలి తిరుగుతుంది, అంతా నున్నగా సానబెట్టి పాలిష్ చేస్తే బయటికి కనిపించదు కానీ లోపల ఏం మిగిలిందో ఎవరికీ తెలియదు. ఎవరైనా రంధ్రం వెల్డ్‌తో నింపి మళ్ళీ డ్రిల్ చేస్తామంటే రైఫిల్ తీసుకుని ఇంటికి వచ్చేయండి. మిల్లింగ్ మెషిన్ లేనివాళ్ళు కూడా ఈ బోరింగ్ పని బయట ఇవ్వండి, పిన్నులు మీరు చేసుకోండి, ఖర్చులో సగం మిగులుతుంది.

పిన్నుల పని అయ్యాక కూడా ఖాళీ మిగిలితే బ్యారెల్ ఒక త్రెడ్ వెనక్కి తేవడం ఒక దారి, కానీ దానితో పాటు ఛాంబర్ మళ్ళీ రీమ్ చేయాలి, ఎక్స్‌ట్రాక్టర్ గాడి మళ్ళీ కోయాలి, ముందు కట్టె సరిపోదు. కలెక్టర్ విలువ ఉన్న రైఫిల్‌కి ఇది చేయడం నాకు ఇష్టం ఉండదు.

ఫైరింగ్ పిన్ను సంగతి. పాత నల్లమందు కాలం పిన్నుల మొన లావుగా ఉంటుంది, బ్లాక్ ముఖంలో రంధ్రం ఇంకా లావుగా అరిగి ఉంటుంది, ప్రైమర్ లోహం ఆ సందులోకి పొంగి వచ్చి బ్లాక్ తెరుచుకోకుండా పట్టేస్తుంది. దీనికి విరుగుడు బుష్షు (రంధ్రంలో బిగించే చిన్న గుండ్రటి ముక్క) వేయడం. బ్లాక్ ముఖంలో పెద్ద రంధ్రం చేసి, స్టీలు బుష్షు బిగించి, ముఖంతో సమంగా చేసి, మధ్యలో 0.070 అంగుళం దగ్గర్లో కొత్త రంధ్రం, దానికి తగ్గట్టు సన్నటి మొనతో కొత్త ఫైరింగ్ పిన్ను. మొన సగం గోళంలా నున్నగా ఉండాలి, సూదిలా ఉంటే ప్రైమర్ చిల్లు పడుతుంది. బ్లాక్ ముఖం దాటి మొన 0.050 నుంచి 0.060 అంగుళం బయటికి రావాలి. హ్యామర్ వెనక్కి లాగగానే మొన లోపలికి వెళ్ళిపోవాలి, మొన బయటే ఉండిపోతే బ్లాక్ తెరిచేటప్పుడు ప్రైమర్‌లో ఇరుక్కుని విరుగుతుంది, ఇంకా ప్రమాదం ఏంటంటే లోడ్ చేసి బ్లాక్ మూసేటప్పుడే ప్రైమర్‌కి తగలొచ్చు. పాత వాటిలో పిన్నుని వెనక్కి లాగే చిన్న ముక్క ఉంటుంది, మధ్యలో ఎవరో అది పీకేసి ఉండొచ్చు, ఉందో లేదో చూడండి.

హ్యామర్ మీది గాళ్ళు, వాటిలో పట్టే ట్రిగ్గర్ ముక్కు దగ్గర మాత్రం చెయ్యి తక్కువ పెట్టాలి. రైఫిల్ ఖాళీగా ఉంచి, హ్యామర్ పూర్తిగా ఎక్కించి, వెనకనుంచి బొటనవేలితో గట్టిగా తోయండి, పడకూడదు. హాఫ్ కాక్ (హ్యామర్ సగం ఎక్కి నిలిచే గాడి) ఉంటే అందులో పెట్టి ట్రిగ్గర్ గట్టిగా లాగండి, పడకూడదు. ఈ రెండిట్లో ఏది ఫెయిలైనా కాల్చడం బంద్. హ్యామర్ గాడి మీద ఆకురాయి పెట్టొద్దు, ఆ గట్టి పొర పోతే లోపల మెత్తటి ఇనుము నాలుగు రోజుల్లో మళ్ళీ గుండ్రం అవుతుంది. ట్రిగ్గర్ ముక్కు అంచు మొద్దుబారితే సన్నటి గట్టి సానరాయితో, కోణం మారకుండా, జిగ్‌లో పెట్టి, కొద్దిగా మాత్రమే. గాడి విరిగి ఉంటే వేరే హ్యామర్ వెతకడమే మంచిది, ఇన్ని లక్షల రైఫిళ్ళు తయారయ్యాయి కాబట్టి పాత విడిభాగాలు దొరుకుతాయి, కాకపోతే వేరే రైఫిల్ హ్యామర్ మీ బ్లాక్‌కి నేరుగా సరిపోదు, మళ్ళీ నీలం రాసి తాకుడు చూసుకోవాల్సిందే. ట్రిగ్గర్ తేలిగ్గా చేద్దామన్న ఆశ ఈ రైఫిల్ మీద వద్దు, నొక్కడానికి పట్టే బలం మూడు పౌండ్ల కంటే తక్కువకి నేను ఎవరికీ చెప్పను.

బ్లాక్ తెరిచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కుడు పడకూడదు, ఆ పని చేసేది కింద ఉన్న లాకింగ్ లివర్. అది అరిగినా దాని స్ప్రింగ్ నీరసించినా బ్లాక్ మూసి నిలబడదు, ట్రిగ్గర్ లాక్ కూడా నమ్మలేం. స్ప్రింగులు బయట కొత్తవి దొరుకుతున్నప్పుడు చేసుకోవడం ఎందుకు, కొనేయండి. ఎక్స్‌ట్రాక్టర్ పంటి అంచు గుండ్రమైతే కేసు జారిపోతుంది, అంచు చిన్నగా చదును చేస్తే చాలు, మరీ అరిగితే మార్చడమే.

అంతా బిగించాక మళ్ళీ టేప్ పరీక్ష చేయండి, ముందు రాసుకున్న అంకెతో పోల్చండి. తర్వాత మొదటి కాల్పు చేతిలో పట్టుకుని వద్దు. రేంజ్‌లో అనుమతి తీసుకుని, రైఫిల్‌ని పాత టైరుకి గట్టిగా కట్టి, పొడవాటి తాడు ట్రిగ్గర్‌కి కట్టి, పక్కన అడ్డు వెనకనుంచి లాగండి, వెనక వైపు ఎవ్వరూ ఉండకూడదు, కళ్ళద్దాలు అందరికీ. మందు కూడా నల్లమందు తేలికపాటి లోడే, షాపులో దొరికే ఇప్పటి బలమైన తూటాలు .45-70 అని రాసున్నా సరే ఈ రైఫిల్లో వేయకూడదు, కొన్ని కంపెనీ లోడ్లు ఇప్పటి బలమైన రైఫిళ్ళ కోసం చేసినవి. కాల్చిన ప్రతి కేసు తీసి ప్రైమర్ చూడండి, సమంగా ఉందా, పొడుచుకొచ్చిందా, రంధ్రంలోకి పొంగిందా. రిమ్ పైన కేసు ఒంటి మీద మెరిసే గీత చుట్టూ వస్తే కేసు అక్కడ సాగుతోందని అర్థం, ఆపి మళ్ళీ కొలవాలి.

ఒక పెట్టె తూటాలు కాల్చాక ఇంకోసారి బటన్ స్క్రూ బిగువు చూసి, పిన్నులు తీసి మళ్ళీ కొలవండి, కొత్త పిన్ను మొదట్లో కాస్త సర్దుకుంటుంది, తర్వాత ఆగిపోవాలి, ఆగకుండా ప్రతిసారీ అంకె పెరుగుతుంటే పిన్ను మెత్తదైనా అయ్యుండాలి లేదా రంధ్రాలు ఒక లైన్లో లేకపోయినా ఉండాలి. తీసేసిన పాత పిన్నులు, ఫైరింగ్ పిన్ను, స్క్రూలు పారేయకుండా నూనె రాసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి కవర్లో పెట్టి రైఫిల్‌తోనే ఉంచండి, రేపు దాన్ని కొనేవాడు మొదట అడిగేది వాటినే.